బర్రె మెచ్చిన గొంతు

మేము అమీర్‌పేటలో అద్దెకు దిగిన ఇంట్లో సంగీతం చెప్పుకోవడానికి పనికొచ్చే గది ఒక్కటే. అది వెనక గది. ముందు గదిలో కూర్చుంటే మన శృతి మనకే వినపడదు. కింద జెరాక్సు మిషన్లు, టిఫిన్ బండి మీద అట్లకాడ చప్పుడు, కంప్యూటర్ కోర్సుల కరపత్రాలు పంచేవాళ్ల కేకలు. వైటూకే పేరు చెప్పుకుని అన్ని జిల్లాల పిల్లలూ పెట్టెలు సర్దుకుని వచ్చి మా సందులోనే దిగుతున్న రోజులవి. మా పక్కింటి గోడ మీద కూడా జావా, మెయిన్‌ఫ్రేమ్ అని రంగులతో రాసి ఉండేది. అందుకని వెనక గదిలో చాప వేసుకున్నాను. ఇల్లు చూపించిన రోజున ఓనరుగారు ఆ గది కిటికీ తెరవలేదు. తెరిచి ఉంటే మేము దిగేవాళ్లం కాదు. సరిగ్గా దాని కిందే రేకుల కొట్టంలో బర్రెలు ఉండేవి.

నేనేమీ గేదెలు తెలియని ఊరి నుంచి రాలేదు. మాది కృష్ణా జిల్లా. కానీ మా ఊళ్లో గేదెల పాక ఒక చోట, పాట ఒక చోట ఉండేవి. కాలేజీలో గాత్రం డిప్లొమా చేసి, కచేరీలు చేయాలని కలలు కని, పెళ్లయ్యాక మా వారికి పంజగుట్టలో ఉద్యోగం రావడంతో ఇక్కడికొచ్చి పడ్డాను. కచేరీల మాట అటుంచి, ట్యూషన్లకు పిల్లలు దొరికితే చాలనుకున్నాను. దొరికారు. వాళ్లు సరళీ స్వరాలు మొదలుపెట్టగానే కిటికీలోంచి పేడ వాసన, ఈగలు, మధ్యమధ్య ఒక పెద్ద తుమ్ము. బర్రె తుమ్మితే చిన్నపిల్లలు తాళం మరిచిపోయి నవ్వేవాళ్లు. వాళ్లను మళ్లీ దారిలో పెట్టేసరికి గంట గడిచిపోయేది.

ఇవన్నీ ఓర్చుకున్నాను. ఎండలు మొదలవుతుండగా ఆ కొట్టంలో ఒక గేదె అరవడం మొదలుపెట్టింది. అది మామూలు అరుపు కాదు. పొద్దున్న ఎత్తుకుంటే మధ్యాహ్నం దాకా. కాసేపు నెమరు వేసి మళ్లీ సాయంత్రం దాకా. దాని గొంతు మా శృతిపెట్టె షడ్జానికి కొంచెం కిందుగా, అటూ ఇటూ కాకుండా ఉండేది. పిల్లలు తెలియకుండానే దాని శృతిలోకి జారిపోయేవాళ్లు. నేను చేత్తో తాళం వేస్తూ "పైకి, పైకి" అంటూనే ఉండేదాన్ని. చివరికి ఒకరోజు పాఠం ఆపేసి కిందికి దిగాను.

కొట్టం నడిపే ఆవిడను సందులో అందరూ పాలామె అనేవారు. నాకంటే పెద్దది. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల వాళ్లకు పొలం ఉండేదట. పొలం పోయి బర్రెలు మిగిలాయి. నేను వెళ్లేసరికి కుడితి కలుపుతోంది.

"మీ గేదె పొద్దస్తమానం అరుస్తోందండీ. పిల్లలకు పాఠం చెప్పలేకపోతున్నాను" అన్నాను, వీలైనంత మర్యాదగా.

ఆమె తలెత్తకుండానే అంది. "దాని దుడ్డె సచ్చిపోయింది టీచరమ్మా. అరవకుంటె ఏం జేస్తది?"

దుడ్డె అంటే గేదె దూడ. ఆమె కుడితి కలపడం ఆపలేదు.

"పాలు సుత ఇస్తలేదు. దగ్గరికి పోతె తంతున్నది. జర సేపు నిమిరితె నిలబడ్తది గని, చేపుతలేదు."

గేదె చేపడమంటే పొదుగులోకి పాలు దించడం. దూడ కుడిచినప్పుడో, దూడను తలుచుకున్నప్పుడో అది పాలు వదులుతుంది. మనసు లేకపోతే పొదుగు నిండా పాలున్నా చుక్క రాదు. "మా అల్లుడు సూది ఎయ్యమంటుండు. నేను ఎయ్యనియ్య. సూదికి మరిగితె బర్రె కరాబైతది" అంది పాలామె. ఫిర్యాదు చేయడానికి వెళ్లినదాన్ని, ఆ గేదె ముఖం చూసి, మెడ మీద చెయ్యి వేసి తిరిగొచ్చాను. అది నన్ను పట్టించుకోలేదు. నేను మేడ ఎక్కుతుండగానే మళ్లీ అందుకుంది.

ఆ రోజుల్లోనే ఆ అమ్మాయి వచ్చింది. రాజమండ్రి వైపు పిల్ల. మా సందు చివర లేడీస్ హాస్టల్లో ఉంటూ మెయిన్‌ఫ్రేమ్ నేర్చుకుంటోంది.

"నాకు పాట నేర్పాలండి మేడంగారూ. తొందరగా నేర్పాలండి" అంది, చెప్పులు విప్పకముందే.

"తొందరేంటమ్మా?"

"రెజ్యూమ్‌లో హాబీలు రాయాలి కదండీ. మా రూమ్‌లో అందరూ పుస్తకాలు చదవడం అని రాసేశారండి. నేను సింగింగ్ అని రాశానండి. నిన్న మాక్ ఇంటర్వ్యూలో సార్ ఏదీ, పాడు అన్నారండి."

"పాడావా?"

"పాడానండి. అందుకే వచ్చానండి."

ఆమె క్లాసు పొద్దున్నే కాబట్టి, అంతకంటే ముందే మా ఇంటికి రావడానికి ఒప్పుకుంది. మర్నాడు చాప మీద కూర్చోబెట్టి శృతిపెట్టె పెట్టాను. 'స' పలకమన్నాను. పలికింది. అది ఏ స్వరమో చెప్పడం నా వల్ల కాలేదు. ఎంతోమంది పిల్లలకు చెప్పాను. కొందరికి శృతి ఆలస్యంగా పట్టుబడుతుంది, కొందరికి గొంతు సన్నం, కొందరికి బిడియం. ఈ అమ్మాయికి ఏ అడ్డంకీ లేదు. గొంతు గట్టిది, ధైర్యం గట్టిది, శృతి మాత్రం దరిదాపుల్లో లేదు. అవరోహణలో మరీ ఘోరం. మధ్యమం దగ్గరికి రాగానే ముక్కులోంచి "మా...ఆ..." అని సాగదీసి, అక్కణ్నుంచి గాంధారానికి జారుతూ జారుతూ, చేరకుండానే ఆపేసేది. నేను పాడి వినిపించేదాన్ని. "అదేనండి, నేనూ అదే పాడుతున్నానండి" అనేది. ఆమె ముఖంలో అబద్ధం లేదు. నిజంగానే అదే అనుకుంటోంది.

మా వారు వంటగదిలోంచి తొంగిచూసి, "డబ్బు వెనక్కిచ్చేయరాదూ?" అని సైగ చేశారు. నాకూ అదే మంచిదనిపించింది. కానీ పిల్ల ఒక్కరోజు కూడా మానకుండా, తల కూడా ఆరకముందే పరుగెత్తుకొచ్చేది. ఏ ముఖం పెట్టుకుని వద్దంటాం?

ఒకరోజు నేను బట్టలు ఆరేస్తుంటే పాలామె మేడెక్కి వచ్చింది. చేతిలో చెంబు, చెంబు నిండా నురగ.

"టీచరమ్మా, నీ పాటకు మా బర్రె చేపింది!"

"ఏంటి?"

"అవ్ మల్ల. పొద్దుగాల నువ్వు పాడుతుంటె చెవులు నిక్కబొడిచింది. గప్పుడే కూసున్న. సర్రున ఇడిసింది. రేపు సుత పాడు, నీకు పుణ్యముంటది."

ఆ చెంబు పుచ్చుకుని లోపలికి వచ్చాను. రోజూ ఆ అమ్మాయి రాకముందు నేను కాసేపు భూపాలం సాధన చేసుకునేదాన్ని. దాని ఫలితమే అనుకున్నాను. బిడ్డను పోగొట్టుకున్న మూగప్రాణికి నా పాట ఊరటనిచ్చింది! ఇన్నేళ్లుగా మా అత్తగారి వైపు వాళ్లెవరూ నా పాట చివరిదాకా విన్నవాళ్లు కారు. ఆ సాయంత్రం మా వారికి కాఫీ ఇస్తూ చెప్పాను. ఆయన, "మొత్తానికి నీకో అభిమాని దొరికింది. సీజన్ టికెట్ ఇచ్చేయ్" అన్నారు. నేను నవ్వలేదు.

మర్నాడు కిటికీ బార్లా తెరిచి, శృతిపెట్టె దాని గట్టు మీద పెట్టి, నిజమైన కచేరీకి కూర్చున్నట్టు కూర్చున్నాను. అమ్మాయి పరీక్ష ఉందని ఆ వారం రానంది. అదీ మంచిదే అనుకున్నాను. భూపాలం ఆలాపన తీరిగ్గా చేశాను. కింద నుంచి బకెట్ దొర్లిన చప్పుడు.

"తన్నింది టీచరమ్మా!"

తర్వాతి రోజు మోహన పాడాను. బిలహరి పాడాను. మా గురువుగారు మెచ్చుకున్న శంకరాభరణం, పరీక్షకు వచ్చిన పెద్దవాళ్లు తల ఊపిన శంకరాభరణం, అదీ పాడాను. గేదె తోకతో ఈగలు తోలుకుంది. పాలామె కిటికీ కిందకొచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూసింది.

"ఇది గాదు టీచరమ్మా. మంచిగనే ఉన్నది గని దానికి నచ్చుతలేదు. మొన్నటిది పాడు."

"మొన్న పాడింది ఇదేనమ్మా!"

"కాదు కాదు. గా పాట వేరే ఉండె. జర ఏడ్సినట్టు ఉండె."

వారం తిరిగి అమ్మాయి వచ్చింది. పరీక్ష ఎలా రాశావంటే చెప్పకుండా, "మధ్యమం ప్రాక్టీస్ చేశానండి" అంది. చాప మీద కూర్చుంది. ఆరోహణ ఎలాగో గట్టెక్కింది. అవరోహణలో మధ్యమం అందుకుని "మా...ఆ..." అందో లేదో కింద నుంచి పాలామె కేక.

"గదే! గదే టీచరమ్మా! ఆపకు!"

లేచి కిటికీలోంచి చూశాను. గేదె నెమరు ఆపేసింది. చెవులు ముందుకు పెట్టి మా కిటికీ వైపే చూస్తోంది. పాలామె గబుక్కున బకెట్ లాక్కుని కూర్చుంది. ముందు సన్నగా, తర్వాత జోరుగా, బకెట్‌లో పాల ధార చప్పుడు. అమ్మాయి నా వెనక నిలబడి అదే ముక్క మళ్లీ మళ్లీ పాడుతోంది. ఆ జారుడు, చేరకుండా ఆగిపోవడం, ఆ ముక్కు. ఆకలేసిన దుడ్డె తల్లిని పిలిచే పిలుపు అచ్చం అలాగే ఉంటుందని అప్పుడు తట్టింది నాకు. ఇన్నాళ్లూ స్వరం కోసం వెతికాను కాబట్టి దొరకలేదు.

"నా పాటకేనా అండీ?" అంది అమ్మాయి. కళ్లు మెరిసిపోతున్నాయి.

"నీ పాటకే" అన్నాను. ఆ మాట అనడానికి నాకు చాలా కష్టమైంది.

అక్కణ్నుంచి నా బతుకు మరీ విచిత్రమైంది. అమ్మాయి రాగానే పాలామె కింద సిద్ధంగా ఉండేది. నేను అలవాటుగా, "గాంధారం అందుకో, ఇంకొంచెం కిందికి, గొంతులోంచి, ముక్కులోంచి కాదు" అనగానే కింద నుంచి కేక వచ్చేది. "టీచరమ్మా, పిల్లను సక్కగ చెయ్యకు! గట్లనే ఉండనియ్!" తప్పు దిద్దడమే నా పని. ఆ పని చేస్తుంటే ఒక గేదె తరఫున నన్ను తిడుతున్నారు. అమ్మాయికీ పట్టింపు పోయింది. "ఇలా పాడితే ఒకళ్లకి ఉపయోగపడుతోంది కదండీ" అనేది. ఇంకా నయం, గేదె పగటిపూట అరవడం మానేసింది. మిగతా పిల్లల పాఠాలు సాఫీగా సాగుతున్నాయి. అందుకని నేను గట్టిగా ఏమీ అనలేని స్థితి. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక మా వారి మీద చూపించేదాన్ని.

వానలు పడుతుండగా అమ్మాయికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. మిఠాయి పట్టుకొచ్చింది.

"ఇంటర్వ్యూలో పాడమన్నారా?" అని అడిగాను.

"లేదండి. హాబీల గురించి ఎవరూ అడగలేదండి."

వెళ్లేముందు కిందికెళ్లి గేదె నుదురు నిమిరింది. పాలామె ఆ పిల్లకు బొట్టు పెట్టి, రవికెల గుడ్డ చేతిలో పెట్టి, కొంగు కళ్లకద్దుకుంది. నేను మెట్ల మీద నిలబడి చూస్తున్నాను. ఆ పిల్ల ఒక్క స్వరం సరిగ్గా పలకకుండానే నా దగ్గర చదువు ముగించింది.

ముందుచూపుతో ఆమె పాటను క్యాసెట్‌లో రికార్డు చేసి ఉంచాను. మర్నాడు టేప్‌రికార్డర్ కిటికీలో పెట్టి మీట నొక్కాను. గేదె ఒకసారి చూసి ముఖం తిప్పుకుంది. టేప్‌రికార్డర్ కిందికి తీసుకెళ్లి దాని పక్కన పెడితే బెదిరి పలుపు తెంచుకోబోయింది. రెండు పూటలు పాలు లేవు. అరుపు మళ్లీ మొదలైంది. పాలామె మేడెక్కి వచ్చి గుమ్మంలో చతికిలబడింది.

"ఇగ నువ్వే పాడాలె టీచరమ్మా. ఆ పిల్ల లెక్క."

"నాకు అలా రాదమ్మా!"

"ఆ పిల్లకు నేర్పినవ్ గద, నీకు రాదా?"

చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని కొట్టంలోకి దిగాను. శృతి తప్పి పాడటం ఇంత కష్టమని నాకు అప్పటిదాకా తెలియదు. మధ్యమాన్ని కిందికి లాగుదామనుకుంటే గొంతు తనంతట తానే సరైన చోటికి వెళ్లి కూర్చుంటుంది. ముక్కులోంచి అందామనుకుంటే గమకం వచ్చేస్తుంది. చిన్నప్పటి నుంచి మా గురువుగారు తిట్టి తిట్టి సరిచేసిన గొంతు. దాన్ని నేను పేడలో నిలబడి పాడుచేయాలని చూస్తుంటే అది ఒప్పుకోవడం లేదు.

"గట్ల కాదు, జర కరాబ్‌గ పాడు" అంటుంది పాలామె.

"కరాబ్‌గానే పాడుతున్నాను!"

"ఇంకా జర."

ఇలా కొన్ని పొద్దులు గడిచాయి. ఒకనాడు వాన తుంపర పడుతోంది, కాలి చెప్పు బురదలో ఇరుక్కుపోయింది, గేదె తోక చెంపకు తగిలింది. మేడ మీద ఒక పాప వాళ్లమ్మతో వచ్చి కూర్చుని ఉంది. సరిగ్గా అప్పుడే మా వారు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏమోయ్, కాఫీ పొడి ఎక్కడ పెట్టావ్?" అని అడిగారు. కాఫీ పొడి రోజూ ఉండే చోటే ఉంది.

"అక్కడే చూడండీ...!" అని అరిచాను. కోపంతో గొంతు చీలింది. పైనుంచి మొదలైన 'డీ' సాగి, జారి, మధ్యలో ఎక్కడో విరిగి ఆగిపోయింది.

గేదె నెమరు ఆపింది.

"మల్ల అను! మల్ల అను టీచరమ్మా!" అని పాలామె బకెట్ లాక్కుంది.

"పై అరలో చూడండీ...! కళ్లు పెట్టి చూడండీ...!"

బకెట్‌లో ధార పడింది. మా వారు పైనుంచి, "ఎందుకంత అరుస్తావ్? దొరికిందిలే" అన్నారు. "దొరకలేదనండి!" అని పాలామె ముందు ఆయన్ను బతిమాలాల్సి వచ్చింది. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే నేను కొట్టంలో నిలబడి "ఏమండీ..." అని అరవడం, ఆయన పైనుంచి "ఏంటీ?" అనడం మా ఇంటి దినచర్య అయిపోయింది. ఉత్తినే అరిస్తే పనికిరాదు, నిజంగా విసుగు రావాలి. మా వారి దయవల్ల ఆ విషయంలో నాకెప్పుడూ లోటు రాలేదు. సందులో వాళ్లు మా ఇంట్లో గొడవలనుకున్నారు. కింది వాటా పెద్దావిడ ఒకసారి నన్ను ఆపి, "మగవాళ్లతో సర్దుకుపోవాలమ్మా" అని హితవు కూడా చెప్పింది.

కొన్నాళ్లకు గేదె వట్టిపోయింది. తర్వాత చూలుకట్టింది. మరో ఎండాకాలంలో ఈనింది. దుడ్డె నల్లగా, తడిగా, లేవబోయి పడిపోతూ, మళ్లీ లేస్తూ. తల్లి దాన్ని నాకడం ఆపలేదు. పాలామె జున్ను పాలు తెచ్చి నా చేతికిచ్చి, "ఇగ నువ్వు అరవకున్నా నడుస్తది టీచరమ్మా" అంది. హమ్మయ్య అనుకున్నాను. లోపల ఎక్కడో చిన్న బాధ కూడా కలిగింది. దానికి నా మీద నాకే చిరాకు వేసింది. మా వారు జున్ను తిన్నారు, ఆ మర్నాడు పొద్దున్న కాఫీ పొడి తనే తీసుకున్నారు.

కానీ పేరు మాత్రం మిగిలిపోయింది. శ్రీనగర్ కాలనీ నుంచి ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఏదో ఆఫీసులో మేనేజరట. పాప ముద్దుగా ఉంది, రెండు జడలు.

"బర్రెల మేడంగారంటే మీరేనాండీ?"

పళ్లు బిగబట్టి, "సంగీతం మేడం" అన్నాను.

"అదే, అదే. మా పాప పాడితే ఇంట్లో ఎవరూ ఉండలేకపోతున్నారండి. మీరైతే ఎలాంటి గొంతుకైనా ఏదో దారి చూపిస్తారని చెప్పారు."

పాప తల దించుకుని గౌను అంచు మెలిపెడుతోంది. ఆయనకు చెప్పాలనుకున్న మాటలు చాలా ఉన్నాయి. డిప్లొమా సంగతి, గురువుగారి సంగతి, శంకరాభరణం సంగతి. ఆయన్ను ముందు గదిలో కూర్చోమని, పాప చెయ్యి పట్టుకుని వెనక గదిలోకి తీసుకెళ్లి, శృతిపెట్టె పెట్టి, "ఏదీ, 'స' అను తల్లీ" అన్నాను.